పట్టా ఒకరిది, పంట ఒకరిది: కౌలు కుటుంబాల ఓటు ఎందుకు లెక్కలోకి రావట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెప్తాను. సూర్యాపేట జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. మీకు సొంతంగా ఎకరం ఉంది, నాన్నగారు ఇంకో ఆరెకరాలు కౌలుకు చేస్తున్నారు. ఆ ఆరెకరాల ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు, ప్రభుత్వం ఎకరానికి ఇంత అని ఇచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా, మాత్రం ఆయన ఖాతాలో పడుతుంది. "ఇన్ని వేల కోట్లు పంచుతున్నా ఉన్నోడికీ లేనోడికీ తేడా ఎందుకు పెరుగుతోంది? ఇంతమంది కౌలు రైతుల ఓట్లుండీ ఏ పార్టీ ఎందుకు భయపడదు?" అని అడిగారు.

నేను ఆర్థికశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. బ్యాంకులో వ్యవసాయ అధికారిగా చేరి, పల్లెల్లోని శాఖల్లో మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం నల్గొండ, ఖమ్మం వైపు, కొన్నేళ్లు పశ్చిమ గోదావరిలో. కాబట్టి దేశం మొత్తం అసమానతల గురించి ఉపన్యాసం ఇవ్వను. మీ ఆరెకరాల గురించే మాట్లాడతాను. పెద్ద విషయమంతా అందులోనే ఉంది.

ముందు ఒక లెక్క వేద్దాం. మీ వైపు ధరలు నాకంటే మీకే బాగా తెలుసు, తేడా ఉంటే సరిచేసుకోండి. వానాకాలం వరి, ఎకరానికి 25 క్వింటాళ్లు. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర 2,300 రూపాయలు. అంటే 57,500. దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను, ట్రాక్టరు కిరాయి అన్నీ కలిపి 38 వేలు అనుకుందాం. మిగిలింది 19,500. కౌలు ఆ సీజనుకు 10 వేలు. మిగిలింది 9,500. పెట్టుబడికి 40 వేలు బయట తెచ్చి ఉంటారు, రెండు రూపాయల వడ్డీకి, ఆరు నెలలు. 4,800 అక్కడికి పోయింది. నాన్నగారి చేతిలో మిగిలేది 4,700. ఇందులో ఆయన కూలీ, అమ్మగారి కూలీ లెక్క కట్టలేదు. తాలు పేరుతోనో తేమ పేరుతోనో మిల్లు దగ్గర బస్తాకు రెండు కిలోలు కోస్తే ఈ మిగులూ ఉండదు.

ఇప్పుడు ఆసామి లెక్క. అదే ఎకరానికి అదే సీజనులో కౌలు 10 వేలు, రైతు భరోసా 6 వేలు. మొత్తం 16 వేలు. పొలం గట్టు ఎక్కనక్కర్లేదు. వడగళ్లు పడితే నాన్నగారి 4,700 కాస్తా 40 వేల అప్పుగా మారుతుంది. ఆసామి 16 వేలు అలాగే ఉంటాయి, ఎందుకంటే కౌలు చాలాచోట్ల ముందే కట్టించుకుంటారు.

ఆసామి చెడ్డవాడని నేను అనట్లేదు. రైతు భరోసాకు ముందున్న పథకం రైతు బంధు వచ్చిన కొత్తలో చెక్కులో సగం కౌలుదారుకు ఇచ్చినవాళ్లని నేను చూశాను. అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే అనుకోండి. కానీ ఒక మనిషి మంచితనం మీద ఆధారపడేలా ప్రభుత్వ పథకం ఎందుకు తయారైందన్నదే నా ప్రశ్న.

రైతు బంధు 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైంది. మొదట సీజనుకు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా పెట్టుబడి సమయానికి చేతికి అందాలన్నది ఉద్దేశం. ఉద్దేశంలో తప్పు పట్టడానికి లేదు. చిన్న సొంత రైతుకు అది నిజంగా ఉపయోగపడింది, జూన్‌లో విత్తనాల షాపు దగ్గర ఆ తేడా కళ్లకు కనిపించేది. చిక్కంతా పట్టాదారు పాస్‌బుక్కునే కొలబద్ద చేసుకోవడంలో ఉంది. ఎకరాల మీద పరిమితి లేదు. రెండెకరాల వాడికి ఏడాదికి 20 వేలు, ఇరవై ఎకరాల వాడికి 2 లక్షలు. దున్నేవాడెవరో అడిగేది లేదు. కౌలు అనేది ఆసామికీ కౌలుదారుకీ మధ్య వ్యవహారం, ప్రభుత్వానికి సంబంధం లేదని అప్పటి ప్రభుత్వం బాహాటంగానే చెప్పింది.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతుకు కూడా ఎకరానికి 15 వేలు ఇస్తామంది. గెలిచింది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైనప్పుడు అది ఏడాదికి 12 వేలయింది, పట్టాదారుకే. వెంచర్లు, గుట్టలు, రోడ్ల కింద పోయిన భూములు తీసేశారు, అంతవరకు మంచిదే. కానీ ఎకరాల పరిమితి రాలేదు, కౌలుదారు పేరూ రాలేదు. భూమిలేని కూలీలకు ఏడాదికి 12 వేలని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు, ఉపాధి హామీలో 20 రోజులైనా పనిచేసి ఉండాలన్న షరతుతో. మీ ఇంటి సంగతి చూడండి: ఎకరం ఉంది కాబట్టి అదీ రాదు.

కేంద్రం పీఎం కిసాన్‌కూ ఇదే కొలబద్ద, ఏడాదికి 6 వేలు, పేరు మీద భూమి ఉంటేనే. ఆంధ్రలో 2019లో వచ్చిన రైతు భరోసా కొంత నయం. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 ఇస్తామన్నారు. కానీ దానికి చూపించాల్సిన సాగుదారు కార్డుకు భూయజమాని సంతకం కావాలి. పశ్చిమ గోదావరిలో ఆ సంతకం కోసం తిరిగినవాళ్లని అడిగితే మిగతాది వాళ్లే చెప్తారు.

సంతకం ఎందుకు పెట్టరు? బయటివాళ్లు దీన్ని భూస్వామి అహంకారం అనుకుంటారు. అది కొంతే. అసలు భయం పాతది. హైదరాబాద్ రాష్ట్రంలో 1950 కౌలుదారీ చట్టం వచ్చింది, దాని 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారులకు తర్వాత యాజమాన్య హక్కులే దక్కాయి. తెలంగాణ సాయుధ పోరాటం చూసిన నేలలో ఆ చట్టం రావాల్సిందే, వచ్చింది. దాని నీడ మాత్రం ఇప్పటికీ పోలేదు. కౌలు కాగితం రాసిస్తే భూమి పోతుందని తాతలు చెప్పింది మనవళ్లు నమ్ముతున్నారు. అందుకే అంతా నోటిమాట కౌలు. రెండేళ్లకోసారి కౌలుదారును మార్చడం, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జరపడం, ఇవన్నీ ఆ భయంలోంచి వచ్చినవే. పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది, సాగులో ఎవరున్నారో కనీసం అక్కడైనా రాసేవాళ్లు. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక 2020లో అదీ పోయింది. తనఖాలు, మార్పిడులు తేలికయ్యాయని పట్టాదారులు సంతోషించారు. మీ నాన్నగారి లాంటివాళ్లు మాత్రం ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా లేకుండా పోయారు.

ఇక నా సొంత రంగం, అప్పులు. ఇక్కడ కాస్త ఆగుతాను.

ఆరెకరాల కౌలుదారు బ్యాంకుకు వస్తాడు. "సార్, పాస్‌బుక్ లేదు, కానీ చేసేది నేనే, ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు." నిజమే, మాకూ తెలుసు. కంప్యూటర్‌లో ఆ సర్వే నంబరు కొడితే ఆసామి పేరున పంట రుణం అప్పటికే ఉంటుంది. ఒకే భూమి, ఒకే పంట మీద రెండు రుణాలు ఇవ్వకూడదన్నది రూలు. ఆసామికి దొరికింది ఏడు శాతానికి, గడువులోగా కడితే రాయితీ పోను నాలుగు శాతానికి. లక్ష లోపు అయితే వడ్డీయే లేని రోజులూ ఉన్నాయి. ఆ డబ్బు ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్‌గానో పట్నంలో ప్లాటు వాయిదాగానో మారినా అడిగేవాడు లేడు. అదే పొలంలో నిజంగా పెట్టుబడి పెట్టేవాడికి ఇరవై నాలుగు శాతం, ఒక్కోసారి ముప్పై ఆరు. కౌలుదారుల కోసం ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడే జాయింట్ లయబిలిటీ గ్రూపులు ఉన్నాయి, నేనూ కొన్ని పెట్టించాను, వసూళ్లు బాగానే ఉండేవి. కానీ పై ఆఫీసు టార్గెట్ మొత్తం రుణం మీద ఉంటుంది. ఐదుగురు కౌలుదారుల గ్రూపు కోసం నాలుగు ఊళ్లు తిరగడం కంటే ఒక బంగారం లోను రాసి వ్యవసాయ పద్దులో వేసుకోవడం మేనేజరుకు తేలిక. ఎవరూ బయటికి చెప్పరు, అందరూ చేసేది అదే.

అందుకని కౌలుదారు నాలుగు చోట్ల అప్పు చేస్తాడు. భార్య డ్వాక్రా లోను, మెడలో గొలుసు, ఎరువుల షాపు ఖాతా, ధాన్యం కొనే కమీషన్ వ్యాపారి అడ్వాన్సు. ఆడవాళ్ల పొదుపు సంఘాల డబ్బు ఎంత కౌలు కింద ఆసాములకు చేరుతోందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. ఆ వాయిదా ప్రతి నెలా అమ్మలు కూలికి వెళ్లి కడుతుంటారు.

రుణమాఫీ వస్తే మాఫీ అయ్యేదేది? బ్యాంకు అప్పు. తెలంగాణలో 2014లో లక్ష, 2018 హామీలో లక్ష, 2024లో కుటుంబానికి 2 లక్షలు. అన్నీ బ్యాంకు పుస్తకాల్లో ఉన్న పంట రుణాలకే. షాపు ఖాతా మాఫీ కాదు, గొలుసు వెనక్కి రాదు. జాతీయ నమూనా సర్వే 2018-19లో లెక్క తీస్తే తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 1,52,113 రూపాయలు. ఆంధ్రలో 93.2 శాతం, సగటు 2,45,554. దేశంలోకెల్లా అదే ఎక్కువ, దేశ సగటు 74,121 మాత్రమే. ఇన్ని మాఫీలు చేసిన రాష్ట్రాల్లో పరిస్థితి ఇది. మనిషి పోయినా అంతే. రైతు బీమా 5 లక్షలు పట్టాదారు కుటుంబానికే వస్తుంది. భూమి బొత్తిగా లేని కౌలుదారు పురుగుల మందు తాగితే ఆత్మహత్య పరిహారం కోసం ఆ ఇల్లాలు తన భర్త రైతేనని ముగ్గురు అధికారుల కమిటీ ముందు రుజువు చేసుకోవాలి.

తేడా పెరగడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకప్పుడు కష్టపడే కౌలుదారు పదేళ్లకో పదిహేనేళ్లకో ఎకరం కొనేవాడు. 1980ల్లో, 90ల్లో అలా పైకొచ్చిన కుటుంబాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, మీ తాతగారు ఆ ఎకరం అలాగే కొని ఉండొచ్చు. ఇప్పుడు మామూలు పల్లెలో కూడా ఎకరం ముప్పై, నలభై లక్షలు. పైన వేసిన లెక్కలో మిగిలింది సీజనుకు ఎకరానికి 4,700. ఆ మిగులుతో ఈ జన్మకు ఎకరం కొనలేరు. భూమి ధర పంటతో తెగతెంపులు చేసుకుంది. కొనేది పట్నం డబ్బు, కాంట్రాక్టుల డబ్బు, అమెరికా డబ్బు. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారకం చట్టం) రూల్స్ ఒప్పుకోవు, వారసత్వంగా రావచ్చు అంతే. అందుకే రిజిస్ట్రేషన్ ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేరు మీద అవుతుంది. అలా కొన్న ప్రతి ఎకరానికీ పథకం డబ్బు ఒక చిన్న బోనస్. భూమి ఉంటే ఏటా ప్రభుత్వం ఇంత ఇస్తుందని తెలిశాక దాన్ని అమ్మేవాడు తగ్గుతాడు, కొనేవాడు పెరుగుతాడు. ఈ పథకాలు వచ్చాక కౌలు తగ్గిన ఊరు నాకైతే కనపడలేదు.

ఊళ్లో దీని ఫలితం చెప్పనక్కర్లేదు, మీరు చూస్తున్నారు. కౌలు చేసే కుర్రాడికి పిల్లనివ్వరు. సెంట్రింగ్ పనికి హైదరాబాద్ వెళ్లినా ఇస్తారు, పొలంలో ఉంటే ఇవ్వరు.

ఇప్పుడు ఓట్ల సంగతి. తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో సాగు చేసేవాళ్లలో మూడో వంతు పైనే కౌలుదారులని తేలింది. అంత సంఖ్య ఉన్న ఏ కులమైనా అయితే పార్టీ ఆఫీసుల్లో ఈపాటికి ప్రత్యేక విభాగం ఉండేది. కౌలుదారులకు ఎందుకు లేదు?

మొదటి కారణం మీ ఇంట్లోనే ఉంది. మీకు ఎకరం ఉంది. దానికి 12 వేలు వస్తున్నాయి. అంటే మీరు ఆరెకరాల్లో నష్టపోతున్న కౌలుదారే కాదు, ఒక ఎకరం లబ్ధిదారు కూడా. పథకానికి పరిమితి పెట్టండి, దున్నేవాడికి మార్చండి అని ఎవరైనా అంటే ఉన్న ఆ కాస్తా పోతుందేమోనని మీకూ ఓ మూల భయం. పథకం అందుకునేవాళ్లలో ఎక్కువమంది ఐదెకరాల్లోపు వాళ్లే. అందువల్ల ఇరవై ఎకరాల ఆసామి ప్రయోజనం, రెండెకరాల రైతు ప్రయోజనం ఒకే తాటి మీద నడుస్తున్నాయి. ఒక్కొక్కరికి పడే డబ్బు ఎక్కువ ఆసామికి, ఓట్లలో ఎక్కువ వాటా చిన్న రైతులది. రాజకీయ పార్టీకి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఏముంటుంది? 2018లో ఒక విడత నేరుగా ఖాతాల్లో పడ్డాక డిసెంబరు ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు 119లో 88 సీట్లు వచ్చాయి. రెండు నెలలకే కేంద్రం పీఎం కిసాన్ తెచ్చింది. అన్ని పార్టీలకూ పాఠం అర్థమైంది.

రెండోది, కౌలుదారు బయటపడలేడు. ధర్నాలో ముందు నిలబడి "నేను ఫలానా వారి భూమి చేస్తున్నాను, నన్ను గుర్తించండి" అంటే వచ్చే ఉగాదికి ఆ భూమి ఉండదు. తన పేరు చెప్పుకోలేని ఓటరుకు నాయకుడు ఎందుకు భయపడతాడు?

మూడోది డబ్బు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. మీ నియోజకవర్గంలో ఒక్క మండలానికి ఎంతయిందో మీకు తెలుసు, నవ్వుకుని వదిలేద్దాం. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో మాకు డబ్బు కవరు అందలేదని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కారు. టీవీలో చూసి చాలామంది ఛీ అన్నారు. నేను అనలేకపోయాను. ఐదేళ్లలో ఒకసారి తన దగ్గరికి నేరుగా వచ్చే డబ్బు, ఆసామి ఖాతాలో పడకుండా వచ్చే డబ్బు అదొక్కటే అనుకున్నవాడిని నీతులు చెప్పి మార్చలేం. అలాగని డబ్బిస్తే గెలుస్తారనీ లేదు, అదే హుజూరాబాద్‌లో అధికార పార్టీ ఓడిపోయింది. అయితే ఆ ఖర్చు పెట్టగలవాడికి మాత్రమే టికెట్ అన్నది ఖాయమైపోయింది. 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచిన అభ్యర్థి ప్రకటించిన ఆస్తి 5,700 కోట్లు దాటింది, చేవెళ్ల నుంచి గెలిచినాయనది 4,500 కోట్లు దాటింది. వాళ్ల వ్యక్తిగత గుణగణాలతో నాకు పనిలేదు. పంచాయతీల్లోనూ అదే దారి: సర్పంచ్ పదవిని గుడి కోసమనో బడి కోసమనో వేలం వేసి, పాడుకున్నవాణ్ణి ఏకగ్రీవం చేస్తున్నారు. ఆ వేలంలో కౌలుదారు పాట పాడగలడా? ఆసాములో, రియల్ ఎస్టేట్ వాళ్లో కూర్చున్న సభలో కౌలు చట్టం మీద చర్చ ఎవరు పెడతారు?

పక్కన ఒక మాట. ఉచితాలతో రాష్ట్రం దివాలా తీస్తోందని నాకు వాట్సాప్‌లో రోజూ పంపే ఇద్దరు స్నేహితుల ఖాతాల్లో ఏటా రైతు భరోసా పడుతుంది. అడిగితే "అది వేరు" అంటారు.

వేరే దారి లేక కాదు. పశ్చిమ బెంగాల్ 1978 నుంచి ఆపరేషన్ బర్గా పేరుతో కౌలుదారుల పేర్లు ఊళ్లోకి వెళ్లి రాసుకుంది. ఒడిశా 2018 డిసెంబరులో కాలియా పథకం తెచ్చినప్పుడు ఎకరాల లెక్క వదిలేసి కుటుంబానికి ఇంత అని పెట్టింది, కౌలుదారులనూ భూమిలేని వాళ్లనూ కలిపింది. మన దగ్గరా ఒక రకం సాయం కౌలుదారుకు నేరుగా చేరుతోంది, గమనించారా? 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్. అది ధాన్యాన్ని పట్టుకుని వస్తుంది కాబట్టి అమ్మినవాడికి పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఎకరాల మీద ఇచ్చే డబ్బుకు ఐదెకరాల దగ్గర గీత గీసి, మిగిలింది ధాన్యం మీద ఇచ్చినా చాలు, సగం సమస్య చట్టం మార్చకుండానే తగ్గుతుంది. మిగతా సగానికి భూయజమాని హక్కు ఎక్కడికీ పోదని రాసి, సాగుదారు పేరుకు విడిగా ఒక రిజిస్టరు పెట్టాలి.

ఆ ఏర్పాటు నిజానికి ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. 2011 సాగుదారుల చట్టం. యజమాని సంతకం అక్కర్లేకుండా, గ్రామసభలో విచారించి, ఏడాదికి రుణ అర్హత కార్డు ఇస్తారు, యాజమాన్య హక్కుకు దాంతో సంబంధం ఉండదు. ఆంధ్రలో దాని స్థానంలో 2019 చట్టం తెచ్చి యజమాని సంతకం తప్పనిసరి చేశారు. తెలంగాణలో రద్దు చేయలేదు, కార్డులివ్వడం మానేశారు.

కాబట్టి మీ నాన్నగారి విషయంలో ఈ సీజనుకు చేయగలిగింది చెప్తాను. వడ్లు కొనుగోలు కేంద్రంలో ఆయన పేరున, ఆయన ఖాతాకే పడేలా చూడండి. ఆసామి పేరున అమ్మితే బోనస్ కూడా అటే పోతుంది, మళ్లీ అడుక్కోవాలి. పంట నమోదు అప్పుడు ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) పొలం దగ్గరే కలిసి సాగుదారుగా ఆయన పేరు, ఫోన్ నంబరు రాయమనండి, తర్వాత ఆఫీసుకు వెళ్తే పని కాదు. సొంత ఎకరం మీద పంట రుణం తీసుకోకపోతే వెంటనే తీసుకోండి, ఎంత తక్కువైనా రెండు రూపాయల వడ్డీ అంతమేరకు తప్పుతుంది. మీ వాడలో ఇంకో నలుగురు కౌలుదారులు కలిస్తే జాయింట్ లయబిలిటీ గ్రూపుకు బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు. 2011 చట్టం కింద కార్డు కోసం తహసీల్దార్‌కు దరఖాస్తు మాత్రం ఒక్కరే పెట్టొద్దు. ఊళ్లో ఇరవై ముప్పై మంది ఒకే రోజు వెళ్లండి, అప్పుడు ఏ ఆసామికీ మీ నాన్నగారి పేరు విడిగా కనపడదు. కార్డు వస్తుందని హామీ ఇవ్వలేను. దరఖాస్తు ముట్టినట్టు సంతకం, స్టాంపు ఉన్న కాపీ తీసుకోకుండా అక్కడి నుంచి కదలకండి. రైతు సంఘాలు హైకోర్టుకు వెళ్లినా, రేపు కొత్త ప్రభుత్వం కౌలుదారులెవరని అడిగినా చూపించడానికి ఆ తేదీ ఉన్న కాగితమే కావాలి.